పాత బండి – వెలిసిన అక్షరాలు



మీరు అక్షరాలు నేర్చుకున్నారు. బస్సు మీద ఊరి పేరు చదువుతున్నారు. రేషను కార్డు మీద మీ పేరు చదువుతున్నారు. మరి మీ వాకిట్లో నిలబెట్టిన బండి మీద ఏమి రాసి ఉందో ఎప్పుడైనా చూశారా?

మోటారు సైకిలు మీద చాలా అక్షరాలు ఉంటాయి. టాంకు మీద కంపెనీ పేరు ఉంటుంది. ఇంజను మూత మీద పేరు ఉంటుంది. పెట్రోలు కుళాయి మీద గుర్తులు ఉంటాయి. హ్యాండిలు కింద నంబరు ఉంటుంది. టైరు మీద కూడా అక్షరాలు ఉంటాయి. బండి కొత్తలో ఇవన్నీ చక్కగా కనిపిస్తాయి. ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతాయి. కొన్ని బురదలో పూడిపోతాయి. కొన్ని తుప్పులో కలిసిపోతాయి.

ఆ అక్షరాలను మళ్ళీ కనబడేలా చేయడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఏ అక్షరాలను ముట్టుకోకూడదో కూడా తెలుసుకుందాం.

మన వైపు పాత బండ్లు

గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ వైపు పాత బండ్లు ఇంకా కనిపిస్తాయి. కొన్ని తిరుగుతున్నాయి. కొన్ని పశువుల పాకలో మూల నిలబడి ఉన్నాయి.

మన దేశంలో బుల్లెట్టు తయారీ 1955లో మద్రాసులో మొదలైంది. మొదట్లో విడిభాగాలు ఇంగ్లండు నుంచి వచ్చేవి. ఇక్కడ బిగించేవారు. తర్వాత అన్నీ ఇక్కడే చేయడం మొదలుపెట్టారు. మైసూరులో 1960లలో జావా బండ్లు తయారయ్యాయి. అదే ఫ్యాక్టరీ నుంచి తర్వాత యెజ్డీ బండ్లు వచ్చాయి. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 1972లో లూనా వచ్చింది. 1980లో హోసూరు నుంచి టి.వి.ఎస్. 50 వచ్చింది. పాల క్యాన్లు, చేపల బుట్టలు, ధాన్యం బస్తాలు ఈ చిన్న బండ్ల మీద ఎన్ని తిరిగాయో మీకు తెలుసు.

అక్షరాలు ఎందుకు వెలుస్తాయి?

ఇందుకు మూడు కారణాలు ఉన్నాయి.

ఒకటి, ఎండ. ఎండకు రంగు చస్తుంది. గుమ్మానికి కట్టిన ఎర్ర గుడ్డ రెండేళ్ళకు ఎలా ఉంటుంది? పాలిపోతుంది కదా. బండి మీద రంగు కూడా అంతే.

రెండు, ఉప్పు గాలి. మనది సముద్రం పక్క సీమ. గాలిలో ఉప్పు, తేమ ఉంటాయి. ఈ రెండూ కలిస్తే ఇనుముకు తుప్పు తొందరగా పడుతుంది. తుప్పు రంగు కిందికి పాకుతుంది. అప్పుడు రంగు పొలుసులుగా లేస్తుంది. రంగుతో పాటు అక్షరం కూడా పోతుంది.

మూడు, మన చేతులు. పెట్రోలు కుళాయిని రోజుకు పదిసార్లు తిప్పుతాం. పెట్రోలు చుక్కలు కారుతాయి. గుడ్డతో గట్టిగా తుడుస్తాం. ఆ రాపిడికి అక్షరం అరుగుతుంది.

అక్షరాలు మూడు రకాలు

బాగుచేసే ముందు అది ఏ రకం అక్షరమో చూడాలి. కళ్ళతో చూడండి. వేలితో తడమండి.

గుంట అక్షరాలు: ఇవి లోపలికి చెక్కి ఉంటాయి. వేలికి పల్లంగా తగులుతాయి. రాతి శాసనాలు ఇలాగే ఉంటాయి. మన దివిసీమ పక్కనున్న ఘంటసాలలో రాతి స్తంభాల మీద శాసనాలు దొరికాయి. అవి సుమారు 1,700 ఏళ్ళ నాటివి. చెక్కిన అక్షరం కనుక ఇన్నాళ్ళు నిలిచింది.

ఉబ్బు అక్షరాలు: ఇవి పైకి లేచి ఉంటాయి. పెడనలో కలంకారీ అద్దకం అచ్చులు చూసే ఉంటారు. అచ్చు మీద పువ్వు పైకి లేచి ఉంటుంది. మిగతా చెక్క పల్లంగా ఉంటుంది. ఇంజను మూత మీద కంపెనీ పేరు చాలా వరకు ఇలాగే ఉంటుంది.

పూత అక్షరాలు: ఇవి రంగుతో రాసినవి, లేదా అంటించినవి. వేలికి ఎత్తూ తగలదు, పల్లమూ తగలదు. టాంకు మీద పేరు, గీతలు ఈ రకం. బుల్లెట్టు టాంకు మీద బంగారు గీతలను చేయి తిరిగిన పనివాళ్ళు కుంచెతో గీస్తారు.

ఏ రకానికి ఆ పద్ధతి ఉంది. ఒక రకానికి చేసేది ఇంకో రకానికి చేస్తే పాడవుతుంది.

కావలసిన వస్తువులు

పాత పళ్ళ బ్రష్షు. కొంచెం కిరసనాయిలు. సబ్బు నీళ్ళు. మెత్తని నూలు గుడ్డలు. సన్నని కుంచె. చిన్న డబ్బా ఎనామిల్ పెయింటు. టర్పెంటైన్. గట్టి అట్ట ముక్క. సన్న రకం వాటర్ పేపరు. వీటిలో చాలా వరకు ఇంట్లోనే ఉంటాయి. మిగతావి రంగుల షాపులో దొరుకుతాయి.

ముందు శుభ్రం చేయాలి

ఇదే అసలైన పని. తొందరపడితే పని చెడుతుంది.

బండి ఇంజను చల్లగా ఉండాలి. వేడి ఇంజను దగ్గర కిరసనాయిలు, టర్పెంటైన్ వాడకూడదు. మంట అంటుకుంటుంది.

బ్రష్షును కిరసనాయిలులో కొంచెం ముంచండి. అక్షరాల మీద మెల్లగా రుద్దండి. జిడ్డు, మట్టి కరిగి వస్తాయి. గుంటల్లో మట్టి గట్టిపడి ఉంటే వెదురు పుల్లతో తీయండి. ఇనుప మేకుతో గీకవద్దు. గీత పడుతుంది.

తర్వాత సబ్బు నీళ్ళతో కడగండి. మంచినీళ్ళతో తొలవండి. పొడి గుడ్డతో తుడిచి ఎండలో ఆరబెట్టండి. జిడ్డు మీద రంగు నిలవదు. తడి మీద అసలే నిలవదు. అందుకే ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు.

ఒక మాట గుర్తుంచుకోండి. ఇంజను మూతలు చాలా వరకు అల్యూమినియంతో చేసినవి. అల్యూమినియం గిన్నెను సోడాతో తోమితే నల్లబడుతుంది కదా. ఇంజను మూత కూడా అంతే. చాకలి సోడా, కాస్టిక్ సోడా వాడవద్దు.

గుంట అక్షరాలకు రంగు నింపడం

1. కుంచెతో గుంటల నిండా రంగు నింపండి. అక్షరం చుట్టూ అంటినా ఫరవాలేదు.

2. పది, పదిహేను నిమిషాలు ఆగండి. రంగు కొంచెం బిగుసుకోవాలి. పూర్తిగా ఆరకూడదు.

3. గట్టి అట్ట ముక్కకు నూలు గుడ్డ బిగించి చుట్టండి. గుడ్డకు రెండు మూడు చుక్కల టర్పెంటైన్ తగిలించండి. గుడ్డ చెమ్మగా ఉండాలి. కారకూడదు.

4. అక్షరాల పైన అడ్డంగా ఒక్కసారి తుడవండి. పైన ఉన్న రంగు గుడ్డకు వస్తుంది. గుంటలో రంగు అలాగే ఉంటుంది.

5. గుడ్డను వేరే వైపు తిప్పి మళ్ళీ తుడవండి. మురికైన వైపుతో తుడిస్తే రంగు అలుముకుంటుంది.

6. ఒక రోజంతా ఆరనివ్వండి. ముట్టుకోవద్దు.

గుడ్డను అట్టకు ఎందుకు చుట్టాలి? ఉత్త వేలితో తుడిస్తే గుడ్డ గుంటలోకి దిగుతుంది. నింపిన రంగును లాక్కొస్తుంది. అట్ట గట్టిగా ఉంటుంది. గుంటలోకి దిగదు.

థిన్నర్ వాడవచ్చా? వద్దు. థిన్నర్ ఘాటైనది. కింద ఉన్న పాత రంగును కూడా లేపేస్తుంది. ప్లాస్టిక్కును పాడు చేస్తుంది. టర్పెంటైన్ మేలు. దాన్ని కూడా ముందు కనబడని మూల రాసి చూడండి.

రంగు డబ్బా లేకపోతే ఇంకో ఉపాయం ఉంది. పిల్లల మైనపు రంగు పుల్ల తీసుకోండి. ఆ భాగాన్ని కాసేపు ఎండలో ఉంచండి. గుంటల మీద పుల్లను రుద్దండి. పైన మిగిలింది తుడిచేయండి. కానీ ఇంజను మీద ఇది పనికిరాదు. వేడికి మైనం కరిగిపోతుంది.

ఉబ్బు అక్షరాలకు రంగు వేయడం

ఇక్కడ కుంచెతో రాస్తే చెయ్యి వణికి రంగు పక్కకు పోతుంది. అద్దకం పని గుర్తు తెచ్చుకోండి.

చదునుగా ఉన్న రబ్బరు ముక్క తీసుకోండి. పిల్లలు పలక పక్కన పెట్టుకునే రబ్బరు చాలు. దానికి పల్చగా రంగు పట్టించండి. ముందు ఒక కాగితం మీద అద్ది, ఎక్కువైన రంగును పోనివ్వండి. తర్వాత ఉబ్బు అక్షరాల మీద మెల్లగా అద్దండి. రంగు అక్షరం తలకే అంటుతుంది. పల్లానికి అంటదు.

కొన్ని బండ్ల మీద పల్లానికి రంగు ఉంటుంది. అక్షరం మాత్రం లోహం రంగులోనే మెరుస్తుంది. అప్పుడు తిరగేసి చేయాలి. అంతటా రంగు వేయండి. ఒక రోజు ఆరనివ్వండి. సన్న వాటర్ పేపరును చిన్న చెక్క ముక్కకు చుట్టండి. నీళ్ళతో తడిపి అక్షరాల తలల మీద మాత్రం రుద్దండి. రంగు పోయి లోహం మెరుస్తుంది.

పూత అక్షరాలు తిరిగి రాయడం

వెలిసిన పేరు కొంచెమైనా కనబడుతోందా? అయితే దాన్ని చెరపకండి. ముందు దాని నకలు తీసుకోండి.

పల్చటి కాగితం దాని మీద పరచండి. అంచులు జిగురు టేపుతో అంటించండి. కనబడే గీతలను పెన్సిలుతో దిద్దండి. మీరు మొదట అక్షరాలు దిద్దినట్టే.

ఇప్పుడు ఆ గీతల వెంట సూదితో చిల్లులు పొడవండి. ముగ్గు అచ్చు రేకులో చిల్లులు ఉంటాయి కదా. అలాగన్నమాట. పాత అక్షరం మీద మెత్తగా రుద్ది, అక్కడ కొత్తగా మూల రంగు వేసి ఆరనివ్వండి. చిల్లుల కాగితాన్ని మళ్ళీ అదే చోట పెట్టండి. సుద్ద పొడిని గుడ్డలో మూట కట్టి కాగితం మీద తట్టండి. కాగితం తీస్తే చుక్కలు కనబడతాయి. చుక్కలు కలుపుతూ కుంచెతో రాయండి.

చుక్కలు కలపడం మన ఆడవాళ్ళకు కొత్త పని కాదు.

పెట్రోలు కుళాయి సంగతి

ఈ చిన్న కుళాయి మీది అక్షరాలు వెలిస్తే పెద్ద చిక్కు వస్తుంది. పాత బండ్ల కుళాయికి మూడు చోట్లు ఉంటాయి: ఆన్, ఆఫ్, రిజర్వు.

టాంకు లోపల ఒక పొడవు గొట్టం నిలబడి ఉంటుంది. ఆన్‌లో పెడితే పెట్రోలు ఆ గొట్టం పైనుంచి వస్తుంది. పెట్రోలు గొట్టం కంటే కిందికి దిగితే రాదు. బండి తడబడి ఆగుతుంది. అప్పుడు రిజర్వుకు తిప్పాలి. అడుగున మిగిలిన పెట్రోలు వస్తుంది. దానితో బంకు వరకు చేరవచ్చు.

గుర్తులు చెరిగిపోతే ఏమవుతుంది? తెలియక ఎప్పుడూ రిజర్వులోనే తిప్పుతారు. ఒక రాత్రి నాగాయలంక దారిలో బండి ఆగుతుంది. టాంకులో చుక్క కూడా ఉండదు. అందుకే ఈ మూడు గుర్తులకు రంగు నింపుకోండి. ఇంగ్లీషు అక్షరాలు రాకపోతే తెలుగులో రాసుకోండి. చట్టం వద్దనదు. మీ బండి, మీ గుర్తు.

ముట్టుకోకూడని నంబర్లు

ఇప్పుడు ముఖ్యమైన సంగతి.

బండికి రెండు నంబర్లు గుద్ది ఉంటాయి. ఒకటి ఛాసిస్ నంబరు. ఇది ఫ్రేము మీద ఉంటుంది. చాలా బండ్లకు హ్యాండిలు కింది మెడ దగ్గర చూడవచ్చు. రెండోది ఇంజను నంబరు. ఇది ఇంజను మీద ఉంటుంది. ఈ రెండు నంబర్లూ ఆర్.సి.లో ఉంటాయి. ఆర్.సి.నే మనవాళ్ళు సీ బుక్కు అంటారు.

ఈ నంబర్లను గీకకూడదు. వాటర్ పేపరుతో రుద్దకూడదు. అరిగిన అంకెను మేకుతో లోతు చేయకూడదు. నంబరు దిద్దినట్టు కనబడితే దొంగ బండి అనుకుంటారు. నంబరు మార్చడం నేరం. మంచి మనసుతో చేసినా చిక్కులో పడతాం.

మరి చదవడం ఎలా? పళ్ళ బ్రష్షు, కిరసనాయిలుతో మట్టి తీయండి. పొడిగా తుడవండి. పల్చటి తెల్ల కాగితం నంబరు మీద పెట్టండి. పెన్సిలును పడుకోబెట్టి మెల్లగా రుద్దండి. అంకెలు కాగితం మీదికి వస్తాయి. పిల్లలు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దుతారు చూశారా? అదే పని. రవాణా ఆఫీసు వాళ్ళు కూడా ఛాసిస్ నంబరుకు ఇలాంటి పెన్సిలు అచ్చు అడుగుతారు.

కొత్త బండ్ల ఛాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు వాడరు. ఎందుకంటే ఐ 1 లాగా ఉంటుంది. ఓ, క్యూ సున్నా లాగా ఉంటాయి. చదివేవాళ్ళు పొరబడకుండా వాటిని తీసేశారు. చూశారా, చదువుకున్న వాళ్ళు కూడా అక్షరాల దగ్గర తడబడతారు!

పాత ఇనుమా? పాత బండా?

ఒక మాట ఊహించుకుందాం. కోడూరు వైపు ఒక ఊళ్ళో ఒక వదిన ఉంది. ఆమె ఇంటి పాకలో మామగారి బుల్లెట్టు ఉంది. మామగారు ఈ మధ్యనే పోయారు. పాత సామాను కొనే మనిషి వచ్చాడు.

"ఏముందమ్మా ఇందులో? తుప్పు తప్ప. పేరు కూడా చెరిగిపోయింది. ఇనుము లెక్కన తూకానికి తీసుకెళ్తాను."

"ఆగు బాబూ. సీ బుక్కు చూడనీ."

"సీ బుక్కుతో నీకేం పనమ్మా? అది కూడా ఇలా ఇచ్చెయ్."

వదిన ఇవ్వలేదు. సాయంత్రం మరిది వచ్చాక ఇద్దరూ కూర్చున్నారు. ఆమె ఫ్రేము నంబరు మీద మట్టి తీసింది. పెన్సిలు అచ్చు తీసింది. సీ బుక్కు పక్కన పెట్టింది. ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివింది.

"మరిదీ, అన్నీ కలిశాయి. సంవత్సరం చూడు. 1968."

"అంటే యాభై ఏళ్ళు దాటింది వదినా! ఇది తూకానికి అమ్మే బండి కాదు."

మరిది మాట నిజమే. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న బండ్లను వింటేజ్ బండ్లుగా నమోదు చేసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో నియమాలు తెచ్చింది. ఇలాంటి బండ్లను ఇష్టపడి కొనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు మొదట చూసేది నంబర్లు, కాగితాలు. తర్వాత చూసేది పాత అక్షరాలు, పాత రంగు. అందుకే ఇలాంటి బండి దొరికితే తొందరపడి రంగు వేయకండి. శుభ్రం చేసి ఆపండి. సగం వెలిసిన అసలు అక్షరానికే విలువ ఎక్కువ. కొత్త రంగు ఎప్పుడైనా వేయవచ్చు. పాత రంగు ఒక్కసారే ఉంటుంది.

అమ్మే ముందు ఇంకో పని ఉంది. సీ బుక్కు మామగారి పేరు మీద ఉంది. బండి యజమాని చనిపోతే 30 రోజుల లోపు రవాణా ఆఫీసుకు తెలపాలి. 3 నెలల లోపు ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. ఆలస్యమైతే ఆఫీసులో అడిగి, ఇప్పుడైనా చేయించుకోవాలి. 2021 నుంచి సీ బుక్కులో నామినీ పేరు రాయించుకునే వీలు కూడా వచ్చింది. మీ ఇంటి బండికి మీ పేరు నామినీగా ఉందా? అడగండి.

బండి అమ్మితే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు కావాలి. కొన్నవాళ్ళ పేరుకు మారిందో లేదో చూసుకోవాలి. మారకపోతే ఏమవుతుంది? ఆ బండి ఎక్కడో ప్రమాదం చేస్తే పాత యజమాని మీదికి వస్తుంది. కాగితంలో ఎవరి పేరు ఉంటే వాళ్ళదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. కాబట్టి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు. చదివి పెట్టండి.

జాగ్రత్తలు

కిరసనాయిలు, టర్పెంటైన్ పొయ్యి దగ్గర పెట్టవద్దు. బీడీ కాల్చేవాళ్ళను దూరంగా ఉండమనండి. పని ఆరుబయట చేయండి. ఆ వాసన ఎక్కువసేపు పీల్చితే తల తిరుగుతుంది.

కూల్‌డ్రింకు సీసాలో టర్పెంటైన్ పోయవద్దు. పిల్లలు నీళ్ళనుకుని తాగుతారు. వేరే సీసాలో పోసి, దాని మీద పెద్ద అక్షరాలతో "విషం – తాగరాదు" అని మీరే రాసి అంటించండి.

పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. సీసం పిల్లల మెదడుకు చెరుపు. పొడిగా రుద్దితే దుమ్ము లేస్తుంది. అందుకే నీళ్ళతో తడిపి రుద్దండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ తర్వాతే అన్నం తినండి, బిడ్డను ఎత్తుకోండి.

కొత్త మాటలు

ఛాసిస్ – బండి ఫ్రేము
రిజర్వు – అడుగున మిగిలిన పెట్రోలు
నకలు – ఉన్నది ఉన్నట్టు తీసిన ప్రతి
నామినీ – తర్వాత హక్కు కోసం పేరు రాసిన మనిషి

జవాబులు చెప్పండి

1. బండి మీద అక్షరాలు ఎన్ని రకాలు? అవి ఏవి?
2. గుడ్డను అట్టకు చుట్టి ఎందుకు తుడవాలి?
3. ఏ నంబర్లను గీకకూడదు? ఎందుకు?
4. వదిన సీ బుక్కు ఇచ్చేసి ఉంటే ఏమయ్యేది? నలుగురూ మాట్లాడుకోండి.

చేసి చూడండి

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న బండి దగ్గరకు వెళ్ళండి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు అచ్చు తీయండి. సీ బుక్కులో నంబరుతో పోల్చండి. రెండూ కలిశాయా? సీ బుక్కులో ఎవరి పేరు ఉంది? మీ నోటు పుస్తకంలో రాసుకుని, రేపు కేంద్రానికి తీసుకురండి.